గురక ఆగితే

మా ఇనుప సామాన్ల యార్డులో ఆవిణ్ణి అందరూ క్రేనక్క అనే పిలిచేవారు. నిచ్చెనెక్కి, పైన అగ్గిపెట్టెలా కనిపించే కేబిన్‌లో కూర్చుని, రెండు మీటలతో ఏనుగంత బరువుని పసిపిల్లని పడుకోబెట్టినంత మెత్తగా దించేది. కింద తాళ్ళు బిగించి చేతి సైగలతో దారి చూపించేవాడు ఆవిడ మొగుడే. "ఇంట్లో ఆవిడ చెప్తే నేను వింటాను, ఇక్కడ నేను చెప్తే ఆవిడ వింటుంది. చెల్లుకు చెల్లు" అనేవాడు. తూకం గది కిటికీలోంచి నాకు వాళ్ళ పనంతా కనిపించేది.

క్రేనక్కకి యాభై దగ్గర పడుతున్నా బక్కపల్చటి మనిషి. పైన ఉన్నప్పుడు మహా చురుకు. అలాంటిది రెండేళ్ళుగా ఏదో తేడా వచ్చింది. పొద్దున్నే తలనొప్పితో పనిలోకి వచ్చేది. ఎంతసేపు పడుకున్నా ఒళ్ళు తేలికపడటం లేదనేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి "ఏం చెప్తున్నాను?" అని అడిగేది. కోపం ముక్కు మీదే ఉండేది. ఈ వయసు ఆడవాళ్ళకి ఇదంతా మామూలే అన్నారు అందరూ. నిద్ర చాలడం లేదేమోనని పక్కింటావిడ తన నిద్రమాత్రల్లోంచి కొన్ని ఇచ్చింది. క్రేనక్క రోజూ ఒకటి వేసుకోసాగింది.

గురక సంగతి మాత్రం యార్డులో అందరికీ తెలుసు. మొగుడే చెప్పి నవ్వించేవాడు. "యార్డులో ఉన్నది చిన్న క్రేను. పెద్దది మా ఇంట్లో ఉంది" అనేవాడు. "ఆడవాళ్ళు గురక పెడతారా ఎక్కడైనా? నీ చెవుల్లోనే ఏదో మోగుతోంది" అని ఆవిడ కసిరేది.

ఒకరోజు మధ్యాహ్నం పైపుల కట్ట ఒకటి లారీలోకి దిగుతోంది. మొగుడు లారీ పక్కన నిలబడి, ఆపమని పిడికిలి ఎత్తాడు. కట్ట ఆగలేదు. ఈల ఊదాడు. అయినా ఆగలేదు. "ఏమే! ఆపు!" అని అరిచాడు. కట్ట కాస్త పక్కకి ఊగి నేరుగా అతని మీదకే వస్తోంది. అతను వెనక్కి దూకాడు. మరుక్షణం లారీ పక్క తలుపు అప్పడంలా నలిగిపోయింది. ఎవరో పరుగెత్తి కింద ఉన్న ఎర్ర మీట నొక్కితే గాని క్రేన్ ఆగలేదు.

గుండెపోటో ఏమోనని మొగుడు ఏడుస్తూ నిచ్చెనెక్కాడు. ఆవిడ గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. చెయ్యి మీట మీదే ఉంది. గురక వినిపిస్తోంది. అతను భుజం పట్టి కుదిపితే కళ్ళు తెరిచి, "దించేశాను కదా?" అంది.

అదీ మమ్మల్ని నిలువునా వణికించిన మాట. తను నిద్రపోయినట్టే ఆవిడకి తెలియదు!

మేనేజరు మండిపడ్డాడు. "తాగి ఎక్కావా?" అన్నాడు. ఊదించి చూస్తే ఏమీ లేదు. "ఒట్టు సారూ, నేను కళ్ళు మూసినట్టే గుర్తు లేదు" అంది ఆవిడ.

యార్డు ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి కనుబొమలు ముడిచింది. నోరు తెరిపించి గొంతు చూసింది. దవడ పట్టుకుని పక్క నుంచి చూసింది. "కాసేపు ఇక్కడే పడుకోమ్మా" అంది. నర్సు పరదా లాగేలోపే క్రేనక్క నిద్రలోకి జారిపోయింది. గురక మొదలైంది. గది అద్దాలు అదిరేంత గురక. అంతలో అది చటుక్కున ఆగిపోయింది.

స్టూలు మీద కూర్చున్న మొగుడు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "ఇంట్లోనూ ఇంతే డాక్టరమ్మా. కాసేపు గోల, తర్వాత హాయిగా పడుకుంటుంది."

"హాయిగానా? ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాడు. గాలి తగల్లేదు. పొట్ట ఎగిసిపడుతోంది, ఛాతీ గుంజుకుంటోంది, ఊపిరి మాత్రం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. "ఏమే! ఏమే!" అని అతను అరవబోతుండగానే, నీళ్ళలో మునిగిన మనిషి పైకి లేచినట్టు ఆవిడ పెద్దగా ఎగపీల్చింది. గురక మళ్ళీ అందుకుంది. కళ్ళయినా తెరవలేదు. కాసేపటికి మళ్ళీ అదే తంతు.

మొగుడి ముఖం పాలిపోయింది. "గురక ఆగినప్పుడల్లా నేను అమ్మయ్య అనుకునేవాణ్ణి. అప్పుడే ఊపిరి ఆగుతోందా డాక్టరమ్మా?" అన్నాడు.

ఆ రాత్రి ఒంటికి తగిలించుకుని పడుకోమని చిన్న పరికరం ఇచ్చి ఇంటికి పంపారు. వేలికో క్లిప్పు, ముక్కు దగ్గరో సన్నటి గొట్టం, ఛాతీకో పట్టీ. ఫలితం వచ్చింది: గంటకి నలభైసార్లకు పైగా ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది.

"అన్నిసార్లు చచ్చి బతికానా?" అంది క్రేనక్క.

"చావలేదమ్మా. ఆగిన ప్రతిసారీ నీ మెదడు ఉలిక్కిపడి నిన్ను లేపింది. ఆ మెలకువ నీకు గుర్తుండదు. ఇక నిద్ర ఎక్కడిది? దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది."

"లావుగా ఉన్నవాళ్ళకి కదా అలాంటివి?"

"మెడ చుట్టూ కొవ్వు పేరుకుంటే ఎక్కువ వస్తుంది, నిజమే. కొందరికి టాన్సిల్స్ వాచి వస్తుంది, కొందరికి ముక్కు దిబ్బడ తోడవుతుంది. నీకు కింది దవడ చిన్నది, వెనక్కి ఉంది. నెలసరి ఆగాక ఆడవాళ్ళలో ఇది పెరుగుతుంది. బక్కగా ఉన్నావని ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాగే వదిలేస్తే బీపీ, గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, అన్నిటికీ తలుపు తెరిచినట్టే. ఇంతకీ మందులేమైనా వాడుతున్నావా?"

నిద్రమాత్రల మాట వినగానే డాక్టరమ్మ కుర్చీలో ముందుకి వంగింది. "అసలే వదులైపోతున్న గొంతుని అవి ఇంకా వదులు చేస్తాయి. మెదడు లేపబోతే దాన్నీ జోకొడతాయి!" ఒక్కసారిగా మానొద్దని, ఎలా తగ్గించాలో తను చెప్తానని అంది. పక్కింటావిడ ఇచ్చినవి అయిపోయాక ఆ మాత్రలు కొని తెచ్చి పెడుతున్నది మొగుడే.

వైద్యం అంటే చిన్న యంత్రం. అది గొట్టంలోంచి, ముక్కుకి పెట్టుకున్న మాస్కులోంచి గాలిని మెల్లగా నెడుతూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. "జబ్బు తక్కువగా ఉంటే పక్కకి తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, దవడని ముందుకి ఉంచేలా పళ్ళకి తొడిగే అచ్చు సరిపోవచ్చు. నీకు ఇదే కావాలి" అంది డాక్టరమ్మ.

మొదటి వారం మహా రభస. "ముఖానికి పైపు బిగించుకోడానికి నేనేమైనా సముద్రంలో దూకుతున్నానా?" అని పీకి పారేసింది. గాలి కళ్ళల్లోకి కొట్టేది, నోరు ఎండిపోయేది. డాక్టరమ్మ చిన్న మాస్కు మార్చి, గాలి తడిగా వచ్చేలా యంత్రంలో నీళ్ళ డబ్బా పెట్టించింది. క్రేనక్క పగలు బట్టలు మడతపెడుతూ కూడా మాస్కు పెట్టుకుని అలవాటు చేసుకుంది. ఒకరోజు పొద్దున్న "తల ఎలా ఉంది?" అని మొగుడు అడిగితే, నొప్పి లేదన్న సంగతి అప్పుడు తట్టింది. "ఆ కోపం, ఆ మతిమరుపు నా గుణమే అనుకున్నానయ్యా" అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. బీపీ మాత్ర ఇంకా వేసుకుంటోంది గాని, బీపీ అదుపులోకి వచ్చింది.

యార్డువాళ్ళు ఆవిణ్ణి తీసెయ్యలేదు. డాక్టరమ్మ గట్టిగా రాసి పంపడంతో కొన్ని నెలలు కింద పని ఇచ్చారు. ఈలోపు చేతి పట్టు సడలగానే క్రేన్ దానంతటదే ఆగేలా కొత్త మీటలు పెట్టించారు. పగలు మెలకువగా ఉండగలదో లేదో పరీక్ష చేసి, సరేనన్నాకే పైకి ఎక్కనిచ్చారు.

ఆ రోజు నిచ్చెన దగ్గర ఆగి మొగుడితో, "నువ్వు కింద ఉండకు. ఇంకెవరినైనా పెట్టమను" అంది.

"ఇంకెవడైనా అయితే పర్వాలేదా?" అన్నాడు.

ఆవిడ నిచ్చెనెక్కింది. బరువులన్నీ చక్కగా దించింది.

ఇప్పుడు భోజనాల గదిలో కనిపించిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడుగుతుంది: "గురక పెడతావా? మధ్యలో ఆగుతుందా? ఇంట్లోవాళ్ళని అడిగి రా." కొందరు నవ్వి తప్పించుకుంటారు. గోడౌన్లో సరుకు ఎత్తి మోసే ఫోర్కులిఫ్టు బండి నడిపే భారీ మనిషి, అందరూ బస్తా అని పిలిచేవాడు, ఆవిడ పోరు పడలేక పరీక్ష చేయించుకున్నాడు. అతని ఫలితం ఆవిడదానికంటే ఘోరంగా వచ్చింది. అతను ఇన్నాళ్ళూ రోజూ మా అందరి మధ్యలోంచే ఆ బండి నడిపాడు.