అంచు కోస్తది

వినోద స్కూటీ హారన్ వినిపిస్తే మట్టెవాడలో పెళ్ళాల మీదికి లేచిన చేతులు గాలిలోనే ఆగిపోతాయని చెప్పుకునేవారు. ఒకాయన చెయ్యి అలాగే ఆగిపోయి, దించడం చేతకాక, అదే ఊపులో ఎదురింటాయనకు నమస్తే పెట్టి లోపలికి వెళ్ళిపోయాడట. అబద్ధమనుకుంటే అనుకోండి. వరంగల్‌లో అబద్ధానికి కూడా ఒక అడ్రసు ఉంటుంది. దీని అడ్రసు చౌరస్తాలో చాయ్ బండి.

బడాయి పక్కన పెడితే, హసన్‌పర్తి రైతుబిడ్డ వినోద ఒక పేపర్లో క్రైమ్ రిపోర్టర్. "భర్త మందలించడంతో మనస్తాపం చెంది" అన్న ముక్క అచ్చులో కనిపించిందంటే డెస్కు ఇన్‌చార్జి కుమారస్వామికి ఆ పూట అన్నం సహించనిచ్చేది కాదు.

"మందలించుడేందన్నా? బెల్టుతోని కొడితే మందలించుడా? నిన్నట్లనే మందలిస్త, పడ్తవా?"

"నామీదికెందుకొస్తవ్ తల్లీ, మా ఇంట్ల మందలించేది మా ఆమెనే," అనేవాడు కుమారస్వామి.

పేపర్లో పట్టని సంగతులన్నీ కూర్చి ఆమె ఒక పుస్తకం వేసింది. అందులోనే ఇరుక్కుంది.

ఆ పుస్తకంలో ఒక కథ విజయలక్ష్మిది. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రాంప్రసాద్ భార్య. కింద దుకాణం, పైన ఇల్లు, ఇంటికి మెట్లు దుకాణంలోంచే. ఆయన షట్టర్ దించి తాళం వేసుకుని వెళ్ళాడంటే పైనున్న మనిషికి లోకమంతా కిటికీ చువ్వల సందున పట్టేంతే. ఆమెకు ఫోన్ లేదు. కొట్టాక ముఖం మామూలయ్యేదాకా కిందికి దిగనిచ్చేవాడు కాదు. ఓసారి పంటి నొప్పికి ఆమెను దవాఖానకు తీసుకొచ్చి, ఆయన బయట ఎవరితోనో ఫోన్‌లో బేరమాడుతుంటే, బెంచీ మీద పక్కనే ఉన్న వినోదకు ఆమె ఇదంతా గడగడా చెప్పేసింది.

"రాయక్కా. పేరొక్కటి పెట్టకు. నేను బయటపడేనాడు ఎవలన్నా నమ్మాలె గదా."

వినోద ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాసింది. విజయలక్ష్మికి ఇంకో పేరు పెట్టింది. మట్టెవాడను మోసుకెళ్ళి కరీంనగర్‌లో దించింది. స్టీలు దుకాణాన్ని చీరల దుకాణం చేసింది. రాంప్రసాద్‌కు లేని మీసాలు మొలిపించి, ఉన్న బొజ్జ కోసేసింది. ఆయనే చదివినా, ఎవడో తనకంటే అందగాడని కుళ్ళుకోవాలి, అంతగా మార్చింది. విజయలక్ష్మి చెప్పిన ఒక్క మాట మాత్రం మార్చడం మరిచిపోయింది. షట్టర్ దించే ముందు ఆ కథలో భర్త పైకి చూసి అంటాడు: "పైలం. అంచు కోస్తది."

రాంప్రసాద్ పళ్ళెమో గిన్నో చేతికిస్తూ, జాగ్రత్త అని ప్రతి గిరాకీతోనూ అనే మాట అది. స్టీలు అంచుకు వేళ్ళు తెగుతాయి మరి. బజారులో పిల్లలు కూడా ఆయన్ను వెక్కిరించాలంటే అదే అంటారు. హసన్‌పర్తిలో పెరిగిన చెవికి "పైలం" గాలిలాంటిది, ఉన్నట్టే తెలియదు. దాని కొంగు పట్టుకుని అంచు కూడా పుస్తకంలోకి జొరబడింది. చీర అంచు ఎవరిని కోస్తుంది? చదివిన ప్రతి దుకాణదారుకూ ఆ అనుమానం వచ్చింది. జవాబు వెతకడానికి ఎవరూ కరీంనగర్ దాకా వెళ్ళలేదు.

రాంప్రసాదే ఫోన్ చేశాడు. "చెల్లె, పుస్తకం మంచిగ రాసినవ్. మా బజారోళ్ళమంత సన్మానం చేద్దామనుకుంటానం. జర దుకాణంకాడికి రారాదు."

"పోకు," అన్నాడు కుమారస్వామి.

"పోకుంటె భయపడ్డదనుకుంటడు. గప్పుడు ఆమె గతేందన్నా?"

పోలీసులను పంపిద్దామంటే, ఆయన పక్కన నిలబడి ఉండగా ఆమె "ఏం లేదు సార్" అంటుంది. అలాంటి "ఏం లేదు"లు వినోద ఎన్ని వినలేదు? ఊళ్ళో ఆడవాళ్ళందరికీ దారి చెప్పే మనిషికి తన బండి ఎటు తిప్పాలో తెలియలేదు. చివరికి మట్టెవాడకే తిప్పింది.

దుకాణంలో కుర్చీలు, పూలదండ, మైకు, వీడియో తీస్తున్న ఫోన్లు. ఫ్లెక్సీలో వినోద పోస్టు స్టాంపంత, రాంప్రసాద్ గోడంత.

"ఆడబిడ్డకు ఆడబిడ్డే శాలువ కప్పాలె. ఏమే, కిందికి రా!" అని పైకి కేకేశాడు రాంప్రసాద్.

విజయలక్ష్మి దిగి వచ్చింది. ఒక చెంపకు పౌడరు మందంగా ఉంది.

"నమస్తే మేడం. మిమ్ముల చూసుడు ఇదే మొదలు," అంది. శాలువ కప్పుతూ వినోద భుజాన్ని గట్టిగా నొక్కింది. చెప్పమనా, చెప్పొద్దనా? వినోదకు అర్థం కాలేదు.

రాంప్రసాద్ మైకు వినోద మూతి దగ్గర పెట్టాడు. "అందరి ముంగట ఒక్క మాట చెప్పు చెల్లె. ఆ చీరల దుకాణపాయన నిజంగ ఉన్నడా, ఉత్తదేనా?"

ఉన్నాడంటే ఈ రాత్రి పైన ఏమవుతుందో తెలుసు. ఉత్తదేనంటే, రేపు విజయలక్ష్మి స్టేషన్ మెట్లెక్కినా ఈ వీడియోనే ఎదురొచ్చి ఆమె నోరు మూస్తుంది.

"అదీ... కథలన్నంక..." అని నసిగింది వినోద.

"ఉత్తదెట్లయితది?" అంది విజయలక్ష్మి. "అది నేనే గద."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, దుకాణమంతా నవ్వు. "వదినె మంచి జోకేసింది!" అందరికంటే గట్టిగా నవ్వింది రాంప్రసాదే. నవ్వు ఆపకుండానే, "పైకి పో. చాయ్ పెట్టు," అన్నాడు. ఆమె మెట్లెక్కింది. చాయ్ కోసం ఎవరూ ఆగలేదు. నవ్వినవాళ్ళకే ఎందుకో తొందర పనులు గుర్తొచ్చి ఒకరి వెంట ఒకరు జారుకున్నారు.

రాంప్రసాద్ షట్టర్ లాగే ఇనుప కొక్కెం అందుకున్నాడు. "బంద్ చేస్తాన మేడం. ఇగ పోండ్రి." చెల్లె పోయి మేడం వచ్చింది.

వినోద తన కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి సరిగ్గా షట్టర్ కింద వేసింది. సగం దుకాణంలో, సగం బజారులో. కూర్చుంది.

"ఏందిది?"

"చాయ్ అన్నవ్ గదన్నా. తాగి పోత."

"చాయ్ లేదు గీయ్ లేదు. లెవ్వు!"

"లేవ. దించుతె దించు. నెత్తి పగిలితె రేపు పేపర్ల ఏమని రాస్తరు? షట్టర్ మందలించిందనా?"

రోడ్డవతల పూలమ్మే యాకమ్మ బుట్ట వదిలి లేచి నిలబడింది. వెళ్ళిపోతున్న ఇద్దరు దుకాణదారులు వెనక్కి తిరిగారు.

వినోద మెడ ఎత్తి, పుస్తకమంతా దాచిన పేరును బజారు వినేలా పిలిచింది.

"విజయలక్ష్మీ! చాయ్ వద్దు. నువ్వు రా!"

కొక్కెం పట్టుకున్న రాంప్రసాద్ షట్టర్‌ను దించనూ లేడు, వదలనూ లేడు. "రాదు. అది రాదు," అన్నాడు, ఎవరికో నచ్చచెబుతున్నట్టు.

అంతలో మెట్ల మీద అడుగులు. నిదానంగా దిగి వచ్చింది విజయలక్ష్మి. చేతిలో చాయ్ లేదు. కాళ్ళకు చెప్పులున్నాయి.