మీ ఇష్టం ఆంటీ

మా వదిన నోరు మంచిది కాదు. ఇరవై ఏళ్లుగా ఆవిడ మిషను పక్కనే కూర్చుని కాజాలు కుడుతున్నదాన్ని, నాకు తెలియదా! స్కూలు యూనిఫారాలకు వచ్చే ఆడపిల్లలు మెడ మార్చమని, నడుము దగ్గర బిగించమని ప్రాణం తోడేస్తారు. "కుట్టేది నేనా, నువ్వా?" అని గయ్యిమంటుంది. కానీ వాళ్లు పోట్లాడుతున్నంతసేపూ ఆవిడ ముఖం తేటగా ఉంటుంది. "మీ ఇష్టం ఆంటీ" అనే పిల్లంటేనే ఆవిడకు భయం.

వదినకో కూతురుండేది. పదహారేళ్లది, మాటకు మాట అప్పజెప్పేది. ఒక ఏడాది ఉన్నట్టుండి గొడవలు మానేసింది. కంచంలో సగం వదిలేసేది. సెలవు రోజు మధ్యాహ్నం దాకా గోడవైపు తిరిగి పడుకునేది. కొత్త గౌను కుడతానంటే "నీ ఇష్టం అమ్మా" అనేది. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది, నోట్లో నాలుక లేని పిల్లయిపోయింది" అని మురిసిపోయింది ఎవరనుకున్నారు? నేనే. ఆ ఏడాది చివర్లో పిల్ల తన ప్రాణం తనే తీసుకుంది.

ఎనిమిదేళ్లయింది. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అంత నోరున్న మనిషి! తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది. బట్టలు వేసుకుని చూసే గదిలో ఏ పిల్లయినా కాస్త ఆలస్యం చేస్తే ఇప్పటికీ ఇద్దరం పని ఆపి చెవులు రిక్కిస్తాం.

ఈ ఏడు బడి తెరిచే ముందు ఒకావిడ పదో తరగతి కూతుర్ని తీసుకొచ్చింది. కిందటేడు ఒక్క చొక్కా చేతికోసం నాలుగుసార్లు కుట్లు విప్పించిన గడుగ్గాయి అది.

"ఏమే, ఈసారి ఎన్నిసార్లు విప్పిస్తావు? చేతులు ఎంత పొడవు?" అంది వదిన టేపు తీస్తూ.

"మీ ఇష్టం ఆంటీ."

"మెడ?"

"ఏదైనా సరే."

నడుము కొలిస్తే కిందటేడుకన్నా రెండంగుళాలు తగ్గింది.

"ఈమధ్య మా దానికి బుద్ధొచ్చిందండీ," అంది తల్లి సంతోషంగా. "గొడవల్లేవు, స్నేహితులతో తిరుగుళ్లూ లేవు. ప్రాణంగా దాచుకున్న రంగుల పెట్టె కూడా చెల్లెలికిచ్చేసింది."

కాజా కుడుతున్న చొక్కా పక్కన పెట్టేశాను. వదిన పీట లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?" అని అడిగేసింది.

"అయ్యో, అవేం మాటలండీ! నిక్షేపంలాంటి పిల్లని పట్టుకుని!" తల్లి కూతురి చెయ్యి పట్టి లాగింది. "పదవే, ఊళ్లో ఇంకో టైలరే లేనట్టు!"

పిల్ల కదల్లేదు. వదిన వైపే చూస్తూ, అవునన్నట్టు తల ఊపింది. తల్లి అక్కడే నేలమీద కూలబడింది.

"లేవండి, ఏడవడానికి తర్వాత టైముంది," అంది వదిన షట్టరు తాళం అందుకుంటూ. "ఆస్పత్రికి పోదాం. మేమూ వస్తాం. దీన్ని మాత్రం ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి."

డాక్టరు పిలిచేలోగా ఆ పిల్ల వదిన వేలు పట్టుకుని మెల్లగా అడిగింది: "ఇంట్లో ఎవరికీ తెలీలేదు. మీరెలా కనిపెట్టారాంటీ?"

వదిన నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"మా అమ్మాయప్పుడు మాకూ తెలీలేదమ్మా," అంది.