తాళం వేసిన గదిలోంచి వచ్చిన సంతకం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. హాస్టల్లో తోటి అమ్మాయిలు ఏదో చప్పుడు వినిపించిందని వణికిపోతుంటే, లేచి వెళ్లి కొట్టుకుంటున్న కిటికీకి గడియ పెట్టి వచ్చింది నేనే. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. పాప నిద్రపోయాక తప్ప నాకు రాసుకునే వీలుండదు.

ఎంసీయే చదవడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నాను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి, నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి తాత వచ్చి జామీను ఉన్నాడు. చదువయ్యాక దొరికిన ఉద్యోగం ఏడాది కూడా నిలవలేదు. పెళ్లయింది, పాప పుట్టింది. వాయిదాలు ఆగిపోయాయి. తాత కూడా పోయాడు.

అప్పుడు బ్యాంకు తరఫున వసూలు వాళ్లు రావడం మొదలైంది. బండి మీద ఇద్దరు. ఎల్బీ నగర్‌లో ఒక ఇంటి మేడ మీది గదిలో కిరాయికి ఉండేవాళ్లం. వాళ్లు నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. ముందు కిరాణా కొట్టులో నా పేరు, బాకీ చెప్పేవాళ్లు. తర్వాత మెట్ల కింద నిలబడి అరిచేవాళ్లు.

"ఏందక్కా, గంత చదివినవ్. బిడ్డకు పాల ప్యాకెట్ కొననీకి పైసలుంటయ్, మాకియ్యనీకే ఉండవా?"

బాకీ ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం ఒకటి తెచ్చి సంతకం పెట్టమనేవాళ్లు. భయంతో నేను పెట్టలేదు.

కింద ఉండే ఇంటి ఓనర్ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ. చెడ్డ మనిషి కాదు. కానీ ఆమెకూ విసుగొచ్చింది. "చూడమ్మా, ఇంకొక్కసారి వాళ్లు వచ్చి నా గుమ్మంలో గొడవ చేస్తే ఖాళీ చేసేయండి. అసలే రోజులు బాగాలేవు" అంది. ఎనిమిది నెలల పాపతో ఎక్కడికి పోతాం? ఇంకో ఇంటికి అడ్వాన్స్ ఎక్కడిది? ఆ రోజు నుంచి నా ప్రాణమంతా ఆ గది మీదే. వాళ్లు రాకూడదు, వస్తే అరవకూడదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ జరిగిన రోజున పాపకు జ్వరం వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మా ఆయన పెద్ద అంబర్‌పేట్‌లో గోదాంలో పని చేస్తాడు. హైవే మీద రాస్తారోకో వల్ల ముందు రోజు రాత్రి అక్కడే ఉండిపోయాడు. నేను తలుపుకు తాళం వేసి, పాపను ఎత్తుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల దవాఖానకు నడిచి వెళ్లాను. తాళంచెవి నా సంచిలోనే ఉంది. రెండోది మా ఆయన దగ్గర.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ ఇద్దరూ పై మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఓనర్ ఆంటీ పక్కనే నిలబడి ఉంది. ఎవరూ అరవడం లేదు.

"ఏందక్కా, పెద్దమనిషిని లోపల పెట్టి తాళమేసుకొని పోతవా?" అన్నాడు పెద్దవాడు, మెల్లగా.

వాళ్లు తలుపు బాదితే లోపలి నుంచి దగ్గు వినిపించిందట. తర్వాత ముసలి గొంతు. "పిల్లను పరేషాన్ చెయ్యకుండ్రి. జామీను నేనున్న గదా, కాయితం ఇటు ఇయ్యుండ్రి" అందట. తలుపు కింది సందులోంచి కాగితం, పెన్ను లోపలికి తోశారు. కాసేపటికి కాగితం ఒక్కటే బయటికి వచ్చింది.

అతను చూపించాడు. ఉర్దూలో సంతకం. తాత నిజాం కాలపు బడిలో చదువుకున్నాడు. తెలుగు చదవడం వచ్చినా బతికినన్నాళ్లూ సంతకం ఉర్దూలోనే. చివర కింద రెండు చుక్కలు పెట్టేవాడు. ఆ రెండు చుక్కలూ ఉన్నాయి.

"మా తాత చనిపోయి ఏడాదైంది" అన్నాను.

చిన్నవాడు నవ్వాడు. "మరి లోపల దగ్గిందెవరు, నీ బిడ్డనా?"

తాళం తీశాను. ఒకే గది, ఓ మూల వంట, పక్కన బాత్రూమ్. కిటికీకి ఇనుప చువ్వలు. వెనక తలుపు లేదు. ఎవరూ లేరు. గడప లోపల నేల మీద వాళ్ల పెన్ను పడి ఉంది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ ఇద్దరూ కిందికి దిగి, బండి స్టార్ట్ చేయకుండానే సందు చివరిదాకా తోసుకుంటూ వెళ్లారు.

ఓనర్ ఆంటీ గదిని కాదు, నన్ను చూస్తోంది.

"మగమనిషి గొంతు నేనూ విన్నానమ్మా. సంతకమూ చూశాను. ఎవరా సాయిబు? ఎటునుంచి పంపించేశావు?"

"మా తాతది ఆంటీ ఆ సంతకం. మా దిక్కు పాతోళ్లు ఉర్దూలనే చదువుకున్నరు."

"చచ్చిపోయాడన్నావుగా ఇప్పుడే!"

పాపను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టాను.

నెలాఖరుకు ఖాళీ చేశాం. ఇప్పుడు మీర్‌పేట్‌లో ఉంటున్నాం. వసూలు వాళ్లు ఇంటికి రావడం లేదు కానీ ఫోన్ చేస్తారు. "సంతకం బ్యాంకు ఫైలుల ఉన్నదాంతోని కలిసింది, ముసలాయన్ను తోల్కరా" అంటారు. తాత మరణ ధ్రువపత్రం పంపాను. అది దొంగ కాగితమట. నిన్ను కాపాడటానికే వచ్చిండు బిడ్డా అంటుంది మా అమ్మ. ఏం కాపాడాడో నాకు తెలియడం లేదు.

మా ఆయనకు ఈ సంగతి నాకన్నా ముందే ఓనర్ ఆంటీ చెప్పింది. నేను మొత్తం చెప్పి ఏడిస్తే, "నేనేమన్న అన్ననా?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఇప్పుడు చెప్పకుండా మధ్యాహ్నం పూట ఇంటికి వస్తున్నాడు. చెప్పులు విప్పకుండానే బాత్రూమ్ తలుపు తీసి చూస్తాడు. తర్వాత పాపను ఎత్తుకుంటాడు.

ఆ రోజు ఆ గదిలో ఎవరున్నారో నాకు తెలియదు. ఆయన అడిగితే అదే చెప్తాను. ఆయన అడగడు.