ఓడెక్కని మోకాళ్ళ నూనె

మా మేనత్త సుశీల రిటైర్డు టీచరు. ఎన్నో ఏళ్లు పిల్లల చేత సముద్రాల పేర్లు బట్టీ పట్టించింది కానీ, ఒడ్డు కనిపించని సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే ఒక్కసారి చూపించమని నన్ను అడిగింది. చెన్నై నుంచి రెండు రాత్రుల క్రూజ్ బుక్ చేశాను. మనిషికి ఇరవై వేలు దాటింది. నాంపల్లిలో సాయంత్రం రైలెక్కితే పొద్దుటికి చెన్నై, అక్కడి నుంచి రేవుకి ఆటో.

ప్రయాణం రోజు పొద్దున, అందరూ చదవకుండా టిక్కు పెట్టే నిబంధనల్ని నేను కూర్చుని చదివాను. ఈ అలవాటు వల్ల ఇంట్లో నాకు మంచి పేరు లేదు. గంజాయి మొక్కతో చేసినదేదీ, సీబీడీ నూనెతో సహా, డాక్టరు చీటీ ఉన్నా ఓడలోకి తేకూడదట. దొరికితే ఎక్కనివ్వరట. అత్త మోకాళ్ళకు రాసుకునేది సరిగ్గా అదే. ఆయుర్వేద డాక్టరు రాసిచ్చిన విజయ నూనె. విజయ అంటే గంజాయేనని అత్తకు తెలుసు, కానీ ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు.

గన్‌ఫౌండ్రీలోని మా ఇంటి నుంచి ఇద్దరం అబిడ్స్‌లో ఆ నూనె అమ్మే దుకాణానికి వెళ్ళాం. "చీటీ ఉంటే గీడ నడుస్తదమ్మా. ఓడ వాళ్ళిల్లు, గాడ వాళ్ళ మాటే నడుస్తది," అని దుకాణం ఆయన మామూలు నొప్పుల బామ్ చేతిలో పెట్టాడు. అత్త వాసన చూసి అది జలుబుకి పనికొస్తుందని తేల్చేసింది. ఓదార్చడానికి మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపించాను. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆలోచించింది.

"నొప్పి ఇంటికాడ గూడ ఉంటది. సముద్రమే ఉండదు. నూనె వద్దులే."

ఇంటికొచ్చి ఆమె సంచిలోని సీసా తీసి బీరువాలో పెట్టేశాను. మా ఆయన కూడా సాగనంపడానికి స్టేషను దాకా వచ్చాడు. సామాను చూసి ఆటోవాడు వంద కిరాయి అడిగితే బేరం ఆడే ఓపిక కూడా లేకపోయింది. ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నాక అత్త మెల్లగా, ఆ సీసాలో సగమే ఉండె, చూసినవా అంది.

మా ఇంట్లో ప్రయాణమంటే విలువైనదేదీ ఒకచోట పెట్టరు. ఎప్పుడో గౌలిగూడ బస్టాండులో అత్త సంచి పోయింది. అప్పటి నుంచి డబ్బు కొంత పర్సులో, కొంత జాకెట్లో, కొంత చీర మడతల్లో. ఈ నూనె ఖరీదైనది కాబట్టి దాన్నీ అలాగే పంచి, పాత దగ్గుమందు సీసాల్లో పోసి సంచికొకటి పెట్టింది. తలనూనె, దీపం నూనె కూడా అలాంటి సీసాల్లోనే ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. మొత్తం ఎన్ని పెట్టిందో గుర్తూ లేదు.

ఒక్క సీసా మిగిలినా అత్త సముద్రం రేవులోనే ఆగిపోతుంది. సంచులన్నీ బెంచీ మీద కుమ్మరించాం. నేను వాసన చూస్తే అన్నీ ఒకటే అనిపించాయి, మా ఆయనకు అన్నీ నువ్వుల నూనెలే. పక్కావిడ మాది నూనెల వ్యాపారమా అని అడిగింది. కానిస్టేబుల్ అటుగా వస్తే నేను అనవసరంగా నవ్వాను. అత్త వెంటనే చీటీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, రైలొచ్చే టైమయింది, జర జల్దీ సదురుకోండ్రి అని వెళ్ళిపోయాడు.

ఇక తెగించి, పేరులేని ప్రతి సీసానూ మా ఆయనకే అప్పగించేశాను. దీపం నూనెతో ఇంట్లో తన పేరున రోజూ దీపం పెట్టాలని అత్త ఆయన దగ్గర మాట తీసుకుంది.

రేవులో తనిఖీ అమ్మాయి బామ్ మూత కూడా తీసి చూసి, లోపలికి పంపింది. మర్నాడు డెక్ మీద అత్త నా భుజం పట్టుకుని, ఆగుతూ ఆగుతూ నాలుగు వైపులా తిరిగి చూసింది. ఎక్కడా ఒడ్డు లేదు. నొప్పికి పెదవి బిగపట్టింది కానీ కూర్చోనంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఎందుకు తీసుకురాలేదా అనిపించింది.

వెళ్ళాలనుకునేవారికి ఒకటే సలహా: టికెట్టు కొనకముందే నిబంధనల్లో మందుల గురించి చదవండి, పెద్దవాళ్ళ సంచులు ఇంట్లోనే వాళ్ళ చేత విప్పించండి.

తిరిగి చెన్నై రేవులో సిగ్నల్ రాగానే మా ఆయన ఫోన్. రెండు రోజులుగా దేవుడి దగ్గర వెలిగించింది మోకాళ్ళ నూనె అని వాసనను బట్టి ఇప్పుడే అనుమానం వచ్చిందట. అత్త ఫోన్ లాక్కుంది.

"పోనీలే అల్లుడా. దేవుడు ఎన్నేండ్ల సంది నిలబడే ఉన్నడు. ఆయనకు గూడ నొస్తయి."