స్టూలు మీద ఇంజనీరు

నా చిన్నప్పుడు, అయిదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో, కాగజ్‌నగర్‌లో మేమున్న వరుస ఇళ్ళన్నిటికీ నేనే ఇంజనీరును. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ ఎండాకాలమంతా నేను చేసిన పని స్టూలెక్కి నిలబడడం ఒక్కటే.

అవి ఒక షావుకారు కిరాయికిచ్చిన ఇళ్ళు. ఒకే కప్పు, ముందు పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ కలిపి ఒకే కరెంటు బోర్డు. నడుమెత్తున ఒక ఇనుప డబ్బా, దాని పక్కన ఒక పిడి. అది మెయిన్. పిడి దించితే అన్ని ఇళ్ళకూ కరెంటు బందు, ఎత్తితే వస్తుంది. దానికి బాగా పైన, చెయ్యి అందని ఎత్తులో, తెల్లటి పింగాణీ ఫ్యూజు. ఒక ఇంట్లో హీటరు మీద అన్నం ఉడుకుతుండగా ఇంకో ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టారంటే ఫ్యూజు పోయేది.

ఫ్యూజు వేయడం మగవాళ్ళ పని. అందులోనూ ఒక పౌరుషం ఉండేది. మెయిన్ దించకుండా, చేతికి తువ్వాల చుట్టుకుని, ఫ్యూజును ఒక్క గుంజు గుంజాలి. మెయిన్ దించినవాణ్ణి మా బాపుతో సహా అందరూ పిరికివాళ్ళలో జమకట్టేవారు. అందుకని ఆ పిడి వైపు ఏ మగవాడూ కన్నెత్తి చూసేవాడు కాదు.

ఒక పగటిపూట మగవాళ్ళంతా డ్యూటీలో ఉండగా ఫ్యూజు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఇంటర్ సైన్సు పూర్తిచేసి ఇంట్లో ఉన్న పక్కింటి అక్క, తాను వేస్తానంది. వాళ్ళ అవ్వ, అంటే కన్నతల్లి, చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడివిల్లవు, కరెంటు జోలికి పోకు. గా పోరన్ని పిలువున్రి, వాడు మొగపిలగాడు కద."

"మరి వాన్ని కొడితె?" అంది వరండాలో నులకమంచం మీద పడుకుని ఉన్న మా బాపమ్మ. ఆమె మా బాపు తల్లి.

ఆలోపే నన్ను స్టూలెక్కించారు.

స్టూలు పట్టుకునే నెపంతో అక్క పక్కన నిలబడింది. తాను చెప్పేదాకా ఏదీ ముట్టుకోవద్దని గొణిగి, ముందు మెయిన్ దించింది. నేను ఫ్యూజు గుంజి ఆమె అరచేతిలో వేశాను. ఓణీ చాటున సన్నటి తీగ చుట్టి తిరిగి నాకు అందించింది. నేను నొక్కాను, ఆమె మెయిన్ ఎత్తింది. వెనకాల గుమిగూడిన వాళ్ళకు కనిపించినవి నా వీపూ, నా మోచేతులూ. ఫ్యాన్లు తిరగగానే ఒకావిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

ఆ తరువాత మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడల్లా నన్నే పిలిచేవారు. నేను నిక్కరు జేబులో ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. దానితో వీపు గోక్కోవడం తప్ప ఏమీ చేసింది లేదు. అక్క నోటి వెంట విన్న 'లోడు' అనే మాటను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సలహాలు ఇచ్చాను. చివరింటికి కొత్తగా కాపురానికి వచ్చిన వదినకు, హీటరు కూడా మనిషి లాంటిదేననీ, మధ్యాహ్నం పూట దానికి కాస్త కునుకు కావాలనీ చెప్పాను. పాపం, ఆమె నమ్మింది. కొన్నాళ్ళకు ఫ్యూజు వేస్తున్నది నేనేనని నేనూ నమ్మాను. అక్క చేతుల వైపు ఒక్కసారీ చూడలేదు. నా చూపంతా వెనకున్న జనం మీదే ఉండేది.

అలాంటి రోజుల్లో అక్కకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా సీటు వచ్చింది. వచ్చే సోమవారం సాయంత్రం లోపల పోయి చేరాలి, లేకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. వాళ్ళ బాపును నేను కాక అనేవాణ్ణి. కాక మంచివాడే. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వరుసలో కూర్చునేవాడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. కానీ ఈ విషయంలో మాత్రం కదలలేదు. కరెంటు ఆడపిల్లల చదువు కాదు, టీచరు ట్రైనింగుకు పంపుతానన్నాడు.

అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. "తమ్మీ, ఫ్యూజు ఎవలేస్తున్రో మా బాపుకు జర చెప్పు. నేను చెప్తె నమ్ముతలేడు" అంది. చెబుతానని తల ఊపాను. నిజంగా చెప్పాలనే వెళ్ళాను కూడా.

కాక నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. "రండ్రి ఇంజనీర్ సాబ్" అని ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. నా కాళ్ళు నేలకు అందలేదు. పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు నాకు సాసరులో చాయ పోసి ఇచ్చాడు. ఊదుకుని తాగాను. ఏం పని మీద వచ్చావని అడిగాడు. నాలుక మీద ఉన్న నిజం చాయతో పాటే లోపలికి పోయింది.

"అక్క స్టూలు మంచిగ పట్టుకుంటది కాకా" అన్నాను.

కాక తృప్తిగా నవ్వాడు. "గంతే కద మరి" అన్నాడు.

ఆ సాయంత్రం అక్క నాతో మాట్లాడలేదు. వరండాలో బాపమ్మ మాత్రం నన్ను తేరిపార చూసి, చాయ తియ్యగా ఉందా అని అడిగింది. ఉందన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉన్నారు. బయట వడగాలి. ఉన్నట్టుండి ఫ్యాన్లన్నీ ఆగాయి. అక్క బోర్డు వైపు రాబోయింది గానీ, బాపమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టుకుని మోకాళ్ళకు నూనె రాయించుకోవడం మొదలుపెట్టింది. "నూనె చేతులతోని ఏడికి పోతవ్ బిడ్డా, ఇంజనీరు ఉన్నడు కద" అంది.

కాకే వచ్చి స్టూలు పట్టుకున్నాడు. నేను ఎక్కి ఫ్యూజు గుంజి, అలవాటు కొద్దీ కిందికి చాచాను. అందుకునే చెయ్యి లేదు. కాక నా ముఖంలోకి చూశాడు, నేను ఫ్యూజు వైపు చూశాను. ఆ తీగను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ చుట్టాలో నాకు తెలియదు. "లోడు ఎక్కువైంది" అన్నాను. ఇంకేమీ తోచలేదు.

మా బాపు నన్ను దించి తాను ఎక్కాడు. తెగిందో లేదో చూడకుండానే పాత తీగ పీకేసి కొత్తది చుట్టి పెట్టాడు, కరెంటు రాలేదు. సన్న తీగ పనికిరాదని లావు తీగ చుట్టాడు, రాలేదు. కాక ఎక్కి మూడు పోగులు కలిపి పెనవేసి పెట్టాడు, అప్పుడూ రాలేదు. ఇద్దరికీ చొక్కాలు తడిసిపోయాయి. స్తంభం మీదే పోయిందని బాపు తీర్పు చెప్పాడు. అదే స్తంభం నుంచి కరెంటు తీసుకున్న ఎదుటి పాన్ డబ్బాలో రేడియో హాయిగా పాడుతోంది.

అప్పుడు బాపమ్మ అక్క చేతులు వదిలింది. "ఇగ పో బిడ్డా."

అక్క కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి అందరికంటే ముందు మెయిన్ వైపు చూసింది. పిడి కిందికి దించి ఉంది. అక్కడున్న అందరి కళ్ళెదుటా ఉంది. దాన్ని వెంటనే ఎత్తకుండా తానే స్టూలెక్కి, ఫ్యూజులోంచి మూడు పోగుల తాడు ఊడదీసి కాక చేతిలో పెట్టింది.

"ఫ్యూజు ఉన్నదే తెగనీకి, బాపు. గింత లావుది పెడితె అది తెగదు, ఇల్లు కాలుతది" అంది. సన్న తీగ చుట్టి పెట్టి, దిగి, పిడి ఎత్తింది. ఫ్యాన్లు తిరిగాయి.

మెయిన్ ఎవరు దించారని కాక అడిగాడు.

"నేనే. చేతికట్టెతోని గుంజిన" అంది బాపమ్మ. "మొగోళ్ళు దాని దిక్కు సూడరని నాకెరుకే. రోజు గీ మంచంల పండుకొనే ఉంట. మీకు మొకాలు కనవడ్తయి, నాకు చేతులు కనవడ్తయి."

ఎవరో కిసుక్కుమన్నారు. మా బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు ఆ తువ్వాలలోనే ఉండిపోయాడు. కాక చేతిలోని తీగను అటూ ఇటూ తిప్పి చూసి లోపలికి పోయాడు. కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"రేపు పొద్దుగాల రైలు ఉన్నది. బట్టలు ఇస్త్రీ చేసుకో. ముందు గా చివరింటి హీటరు బంద్ చేయించు."

అక్క వెళ్ళి చేరింది. నేను ఆ రోజు ఏడ్చాను. ఆమెకు చేసిన ద్రోహానికి కాదు, బిరుదు పోయినందుకు. పశ్చాత్తాపం అప్పుడే కలిగిందని రాసుకుంటే బాగుండేది. కలగలేదు. పెద్దవాణ్ణయ్యాక సైన్సు మాస్టారునై, చాలా ఏళ్ళు ప్రయోగాల గదిలో మగపిల్లల చేతికి మీటర్లూ వైర్లూ ఇచ్చి, ఆడపిల్లలకు బొమ్మలు గీసే పని అప్పగించాను. వాళ్ళ గీత చక్కగా ఉంటుందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఒక పిల్ల లేచి, "సార్, మేం ముట్టుకునుడు ఎప్పుడు?" అని అడిగాక గానీ నాకు సిగ్గు వేయలేదు. ఆ రోజు నుంచి మీటర్లు ముందు వాళ్ళ బల్ల మీదికే పోయేవి.

ఆ సిగ్గుతోనే ఒకసారి అక్కను వెతుక్కుంటూ వెళ్ళాను. అప్పటికి ఆమె కరెంటు ఆఫీసులో పెద్ద ఇంజనీరు. నా క్షమాపణ అంతా విని పకపకా నవ్వింది. "నువ్వు చెప్పినా బాపు నమ్మకపోతుండె తమ్మీ, ఉన్నదే గింతంత పోరనివి" అంది. నా మనసు తేలిక పడబోయింది. ఇంతలో ఆమె నవ్వు ఆపి, "కాని ఆ రోజు నేను తలుపు ఎనుక నిలవడి ఇన్న. ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడు అనుకుంట" అంది.

ఆ తలుపు వెనక మనిషి ఉన్నదని అన్నేళ్ళూ నాకు తెలియదు. ఇప్పుడు నన్నెవరైనా మెచ్చుకుంటే, బదులు చెప్పే ముందు నేనున్న గది తలుపు వైపు ఒకసారి చూస్తాను.