బావిలోకి దిగినవాళ్ళు

నెల్లూరులో ఉదయం ఆరున్నరకు ఉదయగిరి బస్సెక్కాను. ఉదయగిరికి మూడు మైళ్ళ అవతల ఒక పల్లెలో, బర్మా నుంచి వచ్చిన ఏడు కుటుంబాలకు ఊరి మంచినీళ్ళ బావిలో చేద వేసే హక్కు ఇప్పించాలి. అదీ పని. బావి మైలపడుతుందని వద్దనేవాళ్ళు నలుగురు, ఇద్దామనేవాళ్ళు నలుగురు. మిగతా ఊరంతా పెద్ద రైతు మాలకొండారెడ్డి నోటివైపు చూస్తున్నది. ఆయన "చూద్దాం" అంటూ నెల గడిపాడని ఉదయగిరి ఉపాధ్యాయ మిత్రుడు ఉత్తరం రాస్తే బయలుదేరాను.

తొమ్మిదింటికి ఆత్మకూరు. బస్సు అరగంట ఆగుతుంది. ఇడ్లీలు వేడిగా ఉన్నాయి, కాఫీ మాత్రం చల్లగా ఇచ్చారు. అక్కడ ఎక్కిన కలిగిరి పొగాకు వ్యాపారి నా పని విని నవ్వాడు.

"ఏంది సామీ, మాకే నీళ్ళు లేకపోతే, సముద్రం దాటొచ్చినోళ్ళకి పంచేదానికి పోతా ఉండావా?"

"మీ పొగాకు మద్రాసు దాకా పోతున్నదిగా! అక్కడివాళ్ళు మీకు మంచినీళ్ళివ్వడం లేదా?"

"ఇస్తారు. సరుకుండాది గదా నా దగ్గర!" అన్నాడు. మర్రిపాడు దాటేదాకా ఆ మాట మీదే వాదించుకున్నాం.

పన్నెండు దాటాక ఉదయగిరి చేరాం. సత్రంలో భోజనం చేసి, ఎండ తగ్గాక మిత్రుడితో నడక. వేసవిలో వెళ్ళేవారు గొడుగు మరవవద్దు. దారిలో నీడ లేదు.

నాలుగింటికి ఊరి బయట గుడిసెలు చేరాం. మొదటి గుడిసె రాఘవులుది. తండ్రి కాలం నుంచీ వాళ్ళది రంగూన్ బియ్యం మిల్లులో కూలి. బర్మాకు స్వతంత్రం వచ్చాక అక్కడ బతుకు ఇరుకై, ఓడెక్కి తాత ఊరు చేరాడు. భార్య మాకిన్ బర్మా మనిషి. ఊరు ఆమెను మాకినమ్మ అంటుంది. నెలలు నిండుతున్న మనిషి, రెండు మైళ్ళ అవతల ఏటి చెలమ నుంచి కడవతో అప్పుడే వస్తున్నది.

"ఈ వారంలో తేలకపోతే మద్రాసు పోతామయ్యా. ఆ దూరం ఇంక నడవలేదు ఈమె" అన్నాడు రాఘవులు.

అయిదింటికి శెట్టిగారి కొట్టు అరుగు మీద సభ. మనుషులందరి నెత్తురూ ఒకటేనని ముప్పావుగంట మాట్లాడాను. అందరూ తల ఊపారు. ఒక్కరూ మాట ఇవ్వలేదు.

చివరికి రెడ్డి నోరు విప్పాడు. "అయ్యా, కులం సంగతి నేనెత్తను. మాకొక కట్టడి ఉండాది. ఎండాకాలంలో బావి పూడిక తీసేటప్పుడు ఇంటికొక మనిషి దిగాల. దిగిన ఇంటికే చేద. మా తాత పెట్టిన మాట. వీళ్ళు పోయినేడు లేరు, ఏం చేసేది?"

"ఈ ఏడు పూడిక తీశారా?"

"ఉగాదైన పది దినాలకి, మూడు దినాలు తీసినాం."

"శెట్టిగారూ, మీరు దిగారా?"

అరుగంతా నవ్వింది. "ఈ పొట్టేసుకోని నేను దిగితే, పైకి లాగేదానికి రెండు జతల ఎద్దులు కావాల" అన్నాడు శెట్టి.

"మరి మీ ఇంటి తరఫున?"

శెట్టి నవ్వు ఆగింది. "కూలికి పెట్టినా... రాఘవుల్ని."

"రెడ్డిగారూ, మీ తరఫున?"

"వాడి తమ్ముణ్ణి" అన్నాడు రెడ్డి, నేల చూస్తూ. ఏడు గుడిసెల మగవాళ్ళూ అలాగే ఎవరో ఒకరి బదులు దిగారని తేలింది.

ఆ ఊరు చేసిన పొరపాటు ఇదీ: దిగినవాళ్ళను కూలీలుగా లెక్కేసి, దిగడం మాత్రం తమ ఖాతాలో వేసుకున్నారు. "మూడు రోజులు వాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో నిలబడితే మైలపడని బావి, ఒక చేద ముంచితే మైలపడుతుందా?" అని అడిగాను.

"పన్లో మైల ఉండదు సామీ" అన్నాడొకడు వెనకనుంచి.

"మగోళ్ళు దిగినారు, సరే. ఆ బర్మా ఆమె దిగిందా?" శెట్టి మళ్ళీ అందుకున్నాడు.

రెడ్డి తలెత్తాడు. "శెట్టీ, నువ్వు దిగకుండానే నీ పెండ్లాం తోడుకుంటా ఉండాది గదయ్యా! మొగుడు దిగినామెకి లేకుండా పోయిందా? మా తాత మాట దిగినోళ్ళకే గాని, దింపినోళ్ళకి కాదు. రేపట్నించి ఏడిళ్ళకీ చేద."

మరునాడు ఆరింటికి బావి దగ్గర నిలబడ్డాను. మాకిన్ కడవతో రాగానే ఇద్దరు స్త్రీలు తమ బిందెలు పక్కకు లాక్కున్నారు. ఆమె ఆగిపోయింది. అప్పుడు రెడ్డి తల్లి చేదతాడు ఆమె చేతికిచ్చింది.

"ఏందమ్మా అట్ట చూస్తావు? ఎండెక్కతా ఉండాది, తోడుకో. వద్దులే, ఆ పొట్టతో వంగబాక, నేను లాగుతా."

కడవ నిండింది. మాకిన్ అక్కడే దోసిలి పట్టి తాగింది.

తొమ్మిదింటి బస్సులో తిరిగి బయలుదేరాను. ముప్పావుగంట ఉపన్యాసం కదిలించని మనుషులను నాలుగైదు ప్రశ్నలు కదిలించాయి. ఎటూ చెప్పనివాళ్ళు మనకు శత్రువులు కారు. తాము నమ్మే న్యాయాన్నే వాళ్ళముందు పెడితే కాదనలేరు. బిందెలు లాక్కున్న ఆ ఇద్దరూ తరవాత ఆ బావిలో తోడుకున్నారో లేదో చూడలేదు. తోడుకునే ఉంటారు. ఆ ఎండలో చెలమదాకా ఎవరు నడుస్తారు?