మా గడప ముందు ఆగిన సుగ్గి లారీ

“ఇంజనీరు సదివి మిరపకాయలు తెంపనీకి పోతావా? సిగ్గు లేదామే నీకు?”

“మా అమ్మా నాయనా తెంపుతాండారు కదవ్వా. వాళ్లకు లేని సిగ్గు నాకెందుకు?”

“వాళ్లు పోయింది నిన్ను సదివించనీకి!”

“సదివినా కదా. ఆ కాగితాలు ఇడిపించుకోనీకి ఇప్పుడు నేను పోతాండా.”

మనవరాలి నోటికి జవాబు వెతుక్కునేలోగా పెనం మీద జొన్నరొట్టె మాడిపోయింది.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య పల్లె. ఈడ పైరు పోయిన ఏడు సగం ఊరు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. దాన్నే సుగ్గి అంటాం. నా కొడుకూ కోడలూ పిల్లను నా దగ్గర వదిలి ఏటా పోయారు, ఈ ఏడూ ముందే పోయారు. ప్రభుత్వం కడతానన్న ఫీజు కొంత వచ్చింది, కొంత రాలేదు. కాలేజీ వాళ్లేమో ఏటేటా ఏదో ఒక పేరు చెప్పి పెంచుకుంటూ పోయారు. చదువైతే అయిపోయింది. బాకీ కడితే తప్ప సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. అవి తెస్తేనే ఉద్యోగం అన్న బెంగళూరు వాళ్లు ఉగాది దాకా ఆగుతామన్నారు. నేనుండగా వడ్డీ డబ్బు ఇంట్లోకి రాదని నేను పట్టుబట్టాను. దాంతో ఈ పిల్ల పోయి, సుగ్గికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీతో మాట్లాడుకొని వచ్చింది.

నిజానికి నా బాధ మిరపకాయలు కాదు, ఎదురింటామె. ఆమె కూతురికి ఇంటర్ మాన్పించి సుగ్గికి తీసుకుపోతుంటే కొళాయి దగ్గర అందరి ముందూ నిలదీశాను. “ఆడపిల్లను మిరపచేన్లోకి తోలుకపోతావా? నా మనవరాలిని సూడు, మిరపకాయ ముట్టదు” అన్నాను. ఆమె బిందె ఎత్తుకొని పోయింది.

అందుకే గొంతు తగ్గించి మనవరాలితో అన్నాను: “పోతే పో. తెల్లారకముందే రోడ్డు కాడికి పోయి నిలబడు. లారీ ఆడ ఎక్కు. అడిగినోళ్లకు బెంగళూరికి పోయిందని సెప్తా.”

“నేనేమన్నా దొంగతనానికి పోతాండానా? మనింటి ముందే ఎక్కుతా. అయినా అవ్వా, బెంగళూరికి పోయేటోళ్లు జొన్నపిండి మూట ఎత్తుకపోతారా?”

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దారికి రొట్టెలు మాత్రం కాల్చి గుడ్డలో కట్టిపెట్టాను.

తెల్లారింది. లారీ మా గడప ముందే ఆగింది. మనవరాలు వాళ్ల నాయన పాత ఫుల్‌చొక్కా తొడుక్కొని, తలకు టవలు చుట్టుకొని బయటికి వచ్చింది. ఎదురింటామె, ఆమె కూతురు అప్పటికే లారీలో కూర్చున్నారు. నేను కసువు ఊడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఎదురింటామె చెయ్యి చాచి నా మనవరాలిని పైకి లాగింది. “ఈడ కూసో పాపా. మొదట్లో సేతులు మండుతాయి. ఆ సేతుల్తో కండ్లు మాత్రం తుడుసుకోవద్దు” అని చెప్పింది. తర్వాత నావైపు తిరిగి, “నేను సూసుకుంటాలే అవ్వా” అంది.

చీపురు గోడకానించాను. రొట్టెల మూట పైకి అందించాను. ఆమె కూతురు అందుకుంది. లారీ కదిలిపోయింది.